రొట్టె మీద అక్షరం

పేరిందేవి చెక్కిన 'అ' విరిగింది.

మొత్తం విరగలేదు. లావు భాగమంతా రాయిలా అట్టాగే ఉంది. కడుపులోకి తిరిగే సన్నగీత ఒక్కటే మిషను కింద పుటుక్కున తెగి, రోలరుకు అంటుకుని పోయింది. కాగితం మీద చూస్తే, ఆ 'అ' ఎవరో కొరికి వదిలేసిన గారెలా ఉంది.

ప్రెస్సు అవతారంగారు ఆ కాగితాన్ని వెలుతురుకెత్తి చూశాడు.

"పేరిందేవమ్మా, పొద్దున మొదటి కాగితం తీసినప్పుడు నేనేమన్నాను?"

"మౌలాలి తాత చెక్కినట్టే ఉందన్నారు."

"ఇప్పుడేమంటానో చెప్పనా?"

"వద్దులెండి. మీ మొహం చూస్తే తెలుస్తానే ఉంది."

నరసరావుపేటలో నాటకాల పోటీలు పెట్టారంటే ఆ రోజుల్లో ఊరి గోడలకి పండగ. పోస్టరు మీద నాటకం పేరొక్కటే లావు అక్షరాలతో వేసేవాళ్ళు. జానెడు ఎత్తున, చెక్కతో చెక్కిన అక్షరాలు. దాని కింద ఊరూ పేరూ తారీఖూ అన్నీ మామూలు సీసం అక్షరాలే. పేరు కనపడాల్సింది బస్సులో పోయేవాడికి. మిగతాది, దిగి నిలబడి చదువుకునేవాడికి.

లావు అక్షరం అంటే ఉత్త లావు కాదు. ఇటు చూస్తే గుమ్మడికాయంత కడుపు. అటు తిరిగేసరికి వెంట్రుకంత సన్నం. తలకట్టు చివర గోరుతో గిల్లినట్టు చిన్న మొన. ఆ లావూ ఆ సన్నం పక్కపక్కనే ఉండబట్టి, వీధి చివర నిలబడ్డా కన్ను వెళ్ళి దాని మీదే పడేది.

ఆ అక్షరాలు చెక్కేది మౌలాలి సాయిబు. ఊళ్ళో ఏ గోడ మీద ఏ నాటకం పేరున్నా అది ఆయన చేతిదే. ఇప్పుడు ఆయన కళ్ళకి పొర కమ్మింది. మనిషి ఎదురుగా వస్తే గొంతు వినేదాకా ఎవరో తెలీదు. ప్రెస్సులో ఉన్న పాత అక్షరాలేమో అరిగిపోయి అంచులు మొద్దుబారాయి. కొత్తవి కావాలి. చెక్కే చెయ్యి కావాలి.

ఆ చెయ్యి నాదే అంది పేరిందేవి.

ఆమెది తలుపులు, గడపలు చెక్కే ఇల్లు. నాన్న పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చింది. మొగుడు పోయాక టింబరు డిపోలో చేరింది. రంపప్పొట్టు ఊడవటం, దుంగలకి నంబర్లు వెయ్యటం, డిపో గుమాస్తా నోటికొచ్చినట్టు వాగుతుంటే వినటం. ఆ చివరి పనికే ఆమెకి ఓపిక చాలేది కాదు. అవతారంగారి ప్రెస్సులో అక్షరాల పని దొరికితే డిపో మొహం మళ్ళీ చూడక్కర్లేదు. అందుకే ఈ 'అరటిపువ్వు' నాటకం పేరు ఆమెకంత ముఖ్యం. ఇది నిలబడితే ప్రెస్సు. నిలబడకపోతే డిపో.

అక్షరాలు చెక్కటం ఆమె ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. వానకి తడిసి ఊడిన పోస్టర్లు గోడల మీంచి తీసుకొచ్చి, ఆరబెట్టి, చెక్క మీద బోర్లా అంటించి, ఆ గీతల వెంటే ఉలి నడిపింది. మౌలాలి సాయిబు దగ్గరికి వెళ్ళేసరికే చేతిలో సంచీ నిండా అక్షరాలున్నాయి.

"నేను నీ దగ్గర నేర్చుకోలా తాతా. నీ గోడల దగ్గర నేర్చుకున్నా," అంది గొప్పగా.

ఆయన ఒక అక్షరం తీసుకుని బొటనవేలితో తడిమాడు. కడుపు తడిమాడు. సన్నగీత పక్కన కాసేపు వేలు ఆపాడు.

"ఊ," అన్నాడు.

అది మెచ్చుకోలే అనుకుంది పేరిందేవి. అప్పటి నుంచీ ప్రతి బేస్తవారం వెళ్ళి ఆయనకి పొయ్యికట్టెలు చీల్చిపెట్టేది, ఆయన పెట్టిన రొట్టె తినేది. తన అక్షరాలు చూపించేది. ఆయన తడిమి, "ఊ," అనేవాడు. ఆమె ఇంటికెళ్ళి ఇంకా సన్నంగా చెక్కేది.

ఇప్పుడు ఆ సన్నమే తెగింది.

"మిషను బిగువు ఎక్కువైందేమో," అంది.

అవతారంగారు బిగువు తగ్గించి, ఆమె చెక్కిన 'ర' పెట్టి తీశాడు. అది కూడా తెగింది.

"చెక్క మంచిది కాదేమో."

"దువ్వెనలు చేసే చెక్కేగా అది? దువ్వెన పళ్ళు ఉన్నాయి, నీ గీత పోయింది."

ఇంటికెళ్ళి పంతం పట్టింది. సన్నం అంటే కదా తెగేది? సన్నమే లేకుండా చేస్తే? గీతలన్నీ బొటనవేలంత మందాన చెక్కి, మర్నాడు పొద్దున్నే పట్టుకొచ్చింది. ఆ గీతలు తెగలేదు. మిషను మీదకి ఏనుగెక్కి కూర్చున్నా తెగేట్టు లేవు.

అవతారంగారు వాటితో తీసిన కాగితాన్ని గోడకానించి, రోడ్డు దాటి అటువైపు నిలబడి చూశాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏందండీ, ఏం మాట్లాడరు?"

"బురదలో గేదెలు పడుకున్నట్టుంది. ఏ గేదె ఏదో వాటి యజమానికే తెలియాలి."

పేరిందేవి కూడా రోడ్డు దాటి చూసింది. నిజమే. ఎటు చూసినా నలుపే. కన్ను ఎక్కడ ఆగాలో తెలియట్లేదు.

"శనివారం పొద్దునకి పోస్టర్లు అచ్చవ్వాలమ్మా. నీ చెయ్యి మంచిదే, నేను కాదన్లా. కానీ శనివారానికి నిలబడే అక్షరం ఇవ్వలేకపోతే గుంటూరులో జింకురేకు బ్లాకు చేయించి తెప్పిస్తా. ఇక ఈ ఊళ్ళో చెక్క అక్షరాల పని కూడా అంతటితో సరి."

ఆ రోజు బేస్తవారం.

మౌలాలి సాయిబు ఉండేది ఊరి చివర, వడ్లమిల్లు వెనకున్న చిన్న దర్గాలో. దర్గా చూసుకునేదీ ఆయనే. బేస్తవారం సాయంత్రమైతే వచ్చినవాళ్ళందరికీ రొట్టె పెడతాడు. ఎవరైనా సరే, వచ్చినవాళ్ళకి పెట్టడమే. వేలంత మందాన గోధుమ రొట్టె, కాస్త ఉప్పు, కాస్త వాము. పెనం మీద వేసే ముందు ప్రతి రొట్టె మీదా ఒక చెక్క అక్షరంతో ముద్ర ఒత్తుతాడు. 'అ' అక్షరం. సిరా ఎప్పుడూ అంటనిది, ఆయన గురువు ఇచ్చి పోయిందంట. ఎర్రగుడ్డలో చుట్టి, ఊదు పెట్టే గూట్లో ఉంచుతాడు.

ఆ ముద్ర ఎందుకో ఎవరూ అడగలేదు. నెయ్యి రాస్తే ఆ గాడిలో నిలుస్తదని కొందరు అనుకున్నారు. పిల్లలు మాత్రం కడుపులోకి చదువు పోతందని నవ్వుకుంటా తినేవాళ్ళు.

పేరిందేవి వెళ్ళేసరికి ఆయన గోనెపట్టా మీద కూర్చుని పిండి పిసుకుతున్నాడు.

"ఎవరూ?"

"నేనే."

"కోపంగా వచ్చావే. చెప్పులు విసిరేసిన చప్పుడు ఇక్కడిదాకా వచ్చింది."

"నా గీతలు తెగినాయి తాతా. లావుగా చెక్కితే గేదెల్లా ఉన్నాయన్నాడు ఆయన. సన్నంగా చెక్కితే తెగుతాయి, లావుగా చెక్కితే చస్తాయి. నీవి ఇన్నేళ్ళు మిషను కింద నలిగినా ఒక్క గీత తెగలా. సన్నం ఎంత ఉండాలి? కొలత చెప్పు, పోతా."

"చేతులు కడుక్కున్నావా?"

"నేనడిగిందేంటి, నువ్వడిగేదేంటి?"

"పిండి ఆరిపోతంది బేటీ. జనం వచ్చే వేళైంది."

ఆమె పళ్ళు కొరుక్కుంటా వెళ్ళి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. ఆయన రొట్టెలు ఒత్తి పీట మీద వరసగా పెట్టాడు. ఎర్రగుడ్డ విప్పి ఆ పాత 'అ' ఆమె చేతిలో పెట్టాడు.

"ముద్రలు వెయ్యి."

వేసింది. దణ్ మని ఒత్తటం, తీసి పక్కదానికి పోవటం. మధ్యలో నోరు ఆగలేదు.

"శనివారానికి ఇవ్వకపోతే గుంటూరు బ్లాకంట. గుమాస్తా అప్పుడే అంటన్నాడు, రామ్మా, నీ చీపురు నీకోసం ఎదురుచూస్తందని. వాడి నోట్లో మట్టి పడ. నువ్వేమో ఇక్కడ రొట్టెలు చేయిస్తన్నావు."

"ఉప్పు సరిపోయిందేమో చూడు."

ఆయన ముందే కాల్చి పెట్టిన రొట్టె తుంచి ఇచ్చాడు. ఆమె నోట్లో వేసుకుని, నమిలి, మింగేసింది.

"ఎట్టా ఉంది?"

"ఏమో. తెలీలా."

"ఊ," అన్నాడు ఆయన.

తర్వాత ఇంకేదో గుర్తొచ్చినట్టు తల పక్కకి తిప్పాడు.

"నీ సంచీలో అక్షరం ఉందిగా. నడుస్తుంటే చెక్క చప్పుడైంది."

ఉంది. మొదటిది విరిగితే ఉంటదని, దానికి జోడీగా ఇంకో 'అ' చెక్కి పెట్టుకుంది. సన్నగీతదే. సిరా అంటలేదు. మిషను కింద పెట్టే ధైర్యం లేక రెండు రోజుల నుంచీ సంచీలోనే మోస్తంది.

"అది కూడా ఒకదాని మీద ఒత్తు."

"ఎందుకు?"

"ఒక రొట్టె మిగిలింది."

పీట చివర నిజంగానే ఒక రొట్టె ముద్ర లేకుండా ఉంది. పేరిందేవి సంచీలోంచి తన అక్షరం తీసింది. ఎంత కోపంలో ఉన్నా దాన్ని చూస్తే ముద్దొచ్చింది. అంత సన్నంగా ఈ జిల్లాలో ఎవరు చెక్కగలరు? మెల్లగా ఒత్తింది. మెల్లగా తీసింది.

లావు భాగం చక్కగా పడింది. సన్నగీత తిరిగి రాలేదు. పిండి దాన్ని పట్టుకుంది. రొట్టెలో నిలబడిపోయింది, చేపలో ముల్లులా.

పేరిందేవికి చెవుల దాకా వేడెక్కింది. మిషనంటే ఇనుము. దాని కింద విరిగిందంటే ఒక మాట. ఇది గోధుమపిండి.

"తెగిందా?" అన్నాడు ఆయన.

ఆమె చేతిలోని అక్షరాన్ని పీట మీద పడేసింది.

"తీసెయ్యి. పంటి కింద పడితే నన్ను తిడతారు."

గోళ్ళతో ఆ చెక్కముక్కని పిండిలోంచి లాగింది. అది ఉన్నచోట సన్నటి చీలిక మిగిలింది. కత్తితో నిలువునా కోసినట్టు ఉంది. రెండు పక్కలా నిట్టనిలువు గోడలు.

అప్పుడు పక్కనున్న రొట్టె మీద పడింది ఆమె చూపు. అది పాత అక్షరంతో ఒత్తింది. ఇందాక తన చేత్తోనే ఒత్తింది. ఒత్తటమే గానీ చూడలేదు.

దాని మీద కూడా సన్నగీత ఉంది. కానీ చీలిక కాదు. పైన వెడల్పుగా మొదలై, రెండు పక్కలా ఏటవాలుగా దిగుతా, అడుక్కి పోయేసరికి దారమంత అయింది. రెండు గట్ల మధ్య వాగు దిగినట్టు. పిండి ఎక్కడా పట్టుకోలేదు. వచ్చిందీ తెలీకుండా, పోయిందీ తెలీకుండా వదిలేసింది.

పేరిందేవి ఆ వాగులో చిటికెనవేలు పెట్టింది. అడుగుదాకా పోనిచ్చింది.

పిండిలో వాగైతే, చెక్కలో?

ఒడిలో ఉన్న పాత అక్షరం తీసి తిరగేసి చూసింది. ఇన్నాళ్ళూ ప్రెస్సులో ఆయన అక్షరాలు చూసింది గానీ, వాటి పక్కలన్నీ సిరా గడ్డకట్టి పూడిపోయి ఉండేవి. నల్ల పలక మీద నల్ల అక్షరం, అంతే కనపడేది. ఇది శుభ్రంగా ఉంది. సన్నగీతకి అటూ ఇటూ బొటనవేలు పెట్టి కిందికి జార్చింది. వేలు జారతానే పోయింది. వెంట్రుకంత గీత పైన. దాని కింద రెండు పక్కలా కొండవాలు. అడుగున ఆ గీత, ఆమె గేదె అక్షరాల గీత కంటే లావుగా ఉంది.

సిరా అంటేది పైన కొనకే. కాగితం ఎరిగింది ఆ కొననే. గోడ ఎరిగింది కాగితాన్ని. తను ఎరిగింది గోడని.

ఆయన పెనం మీద రొట్టె తిరగేశాడు. గుడ్డతో అంచులు అదిమాడు.

"తాతా."

"ఊ."

"మొదటి రోజే వేలు పెట్టి చూశావు. అప్పుడే తెలుసు నీకు."

"ఊ."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"ప్రతి బేస్తవారం పెడతానే ఉన్నాగా," అన్నాడు ఆయన. "తింటానే ఉన్నావుగా."

బయట చెప్పుల చప్పుడు మొదలైంది. జనం వస్తున్నారు. పేరిందేవి లేచి చీర దులుపుకుంది. పాత అక్షరాన్ని ఎర్రగుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది. అంతకుముందు ఎన్నడూ పెట్టనంత జాగ్రత్తగా పెట్టింది. చెప్పులు వేసుకునేటప్పుడు చప్పుడు కాలేదు.

శుక్రవారం పొద్దున్నే చెక్క ముందు కూర్చుంది.

ఇప్పటిదాకా ఉలిని నిలువుగా దించేది. గీత పక్కన లోతుగా, నిట్టనిలువుగా, సూటిగా దించితేనే పనితనం అనుకునేది. ఇప్పుడు ఉలిని పక్కకి వాల్చింది. చెయ్యి ఒప్పుకోలేదు. అలవాటు చొప్పున నిలువుకే పోతంది. రెండు చెక్కలు పాడుచేసి పొయ్యిలోకి తోసింది. మూడోదానికి చెయ్యి లొంగింది.

చెక్కుతుంటే ఒకటి తెలిసింది. ఇది పెద్ద చాకిరీ. ఒక్కో సన్నగీత కింద కొండ మిగలాలంటే గీత దగ్గర ఆగి ఆగి, వెనక్కి తగ్గి, పక్కలు నెమ్మదిగా దించాలి. ఇంతా చేస్తే ఇదంతా ఎవరికి కనపడుద్ది? కాగితం మీద పడేది కొన ఒక్కటే. పక్కింటి ఆదెమ్మ గోడ మీంచి తొంగిచూసి అడగనే అడిగింది.

"ఏందే, మొన్న చెక్కిందే మళ్ళీ చెక్కుతన్నావు?"

"అదే కాదు."

"అదే ఉందిగా. 'అ'. నాకు చదువు రాకపోయినా కళ్ళున్నాయి."

"కళ్ళతో చూస్తే అదే వదినా."

"మరి దేంతో చూడాలి?"

"బొటనవేలితో."

ఆదెమ్మ ఒక క్షణం చూసి, "ఆ సాయిబు దగ్గరికి పోయి పోయి నీకూ ఆ మాటలే వచ్చినాయి," అని బట్టలారేసుకోటానికి పోయింది.

శనివారం పొద్దున 'అరటిపువ్వు' అన్న ఐదు చెక్కలూ వరసగా బిగించి, సిరా పూసి, అవతారంగారు మొదటి కాగితం తీశాడు. బాగుంది. మొదటి కాగితం అంతకుముందూ బాగానే ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. కాగితాలు పడతా ఉన్నాయి. పేరిందేవి మిషను పక్కనే నిలబడి, పుటుక్ అనే చప్పుడు కోసం చెవులు రిక్కించింది. మిషను గొణుగుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎండ గుమ్మంలోంచి లోపలికొచ్చి, బల్ల దాకా పాకింది. కాగితాల దొంతర నడుమెత్తు లేచింది.

అవతారంగారు అడుగు నుంచి మొదటి కాగితం లాగాడు. పై నుంచి ఆఖరి కాగితం తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. సన్నగీతలు రెండిట్లోనూ ఒక్కలాగే ఉన్నాయి.

తర్వాత తన సొరుగులోంచి మొన్న విరక్కముందు తీసిన కాగితం కూడా తీసి పక్కన పెట్టాడు. కళ్ళజోడు పైకి నెట్టాడు, కిందికి దించాడు.

"ఇదీ అదీ ఒకటేగదమ్మా! తేడా ఏముంది?"

"కాగితం మీద ఏమీ లేదండి."

"మరి ఇది ఎట్టా నిలబడింది?"

"అడుగున ఉందండి తేడా."

అవతారంగారు చెక్క మీదికి వంగి చూశాడు గానీ అప్పటికే సిరా పక్కలకి దిగడం మొదలైంది. నల్ల పలక మీద నల్ల అక్షరం.

అంతలో నాటకం పున్నయ్య వచ్చాడు. నాటకంలో జమీందారు వేషం ఆయనదే, పోస్టర్ల ఖర్చూ ఆయనదే. కాగితం చేతుల్లోకి తీసుకుని చాచి పట్టుకుని చూసి మురిసిపోయాడు.

"అబ్బ, ఏం పడిందమ్మా! అరటిపువ్వు అంటే అరటిపువ్వే. ఇదిగో, కింద నా పేరుంది చూడు, చీమ తలకాయంత. అది కూడా ఇట్టాగే చెక్కు. ఊరి పేరు కూడా. టిక్కెట్టు ధర కూడా."

"అన్నీనా బాబాయ్?"

"అన్నీనూ. లావుగా ఉండాల, పోస్టరంతా."

పేరిందేవి గోడకి ఆనించి ఉన్న గేదెల కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"చదువు బాబాయ్."

పున్నయ్య కాగితాన్ని దూరంగా పెట్టాడు, దగ్గరగా పెట్టాడు. "ఏందిది?"

"ఇది కూడా అరటిపువ్వే. లావుగా ఉందిగా, అంతా."

అవతారంగారు దగ్గొచ్చినట్టు తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. పున్నయ్య ఇంకోసారి ఆ నలుపంతా చూసి, మంచి కాగితం మళ్ళీ చూసి, అందులో చీమ తలకాయంత ఉన్న తన పేరు వెతుక్కున్నాడు.

"సర్లే. చిన్నగా ఉన్నా కనపడతానే ఉన్నాలే," అన్నాడు.

పున్నయ్య వెళ్ళాక అవతారంగారు తాళాల గుత్తిలోంచి ఒక తాళం తీసి బల్ల మీద పెట్టాడు. వెనక గది తాళం. మౌలాలి సాయిబు ఒకప్పుడు కూర్చుని చెక్కిన గది అది.

"సోమవారం నుంచి వచ్చెయ్యి. కిటికీ వైపు కూర్చో, వెలుతురు బాగుంటది. పాత చెక్కలన్నీ అరిగినాయి. ఒక్కోటీ మార్చుకుంటా పో."

పేరిందేవి తాళం కొంగున కట్టుకుంది. ఇంటికి పోయేటప్పుడు దారి చుట్టైనా టింబరు డిపో ముందు నుంచే వెళ్ళింది. డిపో ప్రహరీ మీద 'అరటిపువ్వు' అప్పుడే అంటించి పోయినట్టున్నారు, మైదా తడి ఇంకా ఆరలేదు. గుమాస్తా దాని ముందు నిలబడి నోరు తెరుచుకుని చూస్తన్నాడు. ఆమె ఏమీ అనకుండా దాటి పోయింది. ఆ అనకపోవటం ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు.

బేస్తవారం వచ్చింది.

పేరిందేవి పెందలాడే దర్గాకి వెళ్ళి, అడక్కుండానే చేతులు కడుక్కుంది. సంచీలోంచి ఒక 'అ' తీసి ఆయన ముందు పెట్టింది. మిగిలిన చెక్కముక్కతో కొత్తగా చెక్కింది. సిరా అంటనిది.

మౌలాలి సాయిబు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. కడుపు తడిమాడు. చివర ఉన్న మొన తడిమాడు. సన్నగీత దగ్గరికొచ్చి, బొటనవేలిని అటు జార్చాడు, ఇటు జార్చాడు. వేలు కొన మీదికెక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. పేరిందేవి ఆ 'ఊ' కోసం చూసింది.

ఆయన ఊ అనలేదు.

పిండి ముద్ద ఒకటి చరిచి పీట మీద పెట్టి, ఆమె అక్షరాన్ని ఒత్తాడు. తీశాడు. చెక్కని పక్కనపెట్టి, ఈసారి పిండిని తడిమాడు. ఆ పొర కమ్మిన కళ్ళు ఎటో చూస్తుంటే చిటికెనవేలు మాత్రం వాగు వెంట అడుగుదాకా పోయి వచ్చింది.

చెయ్యి చాచి గూట్లో ఉన్న ఎర్రగుడ్డ మూట తీశాడు. విప్పలేదు. ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇది నీ గదిలో పెట్టుకో. ఇక్కడ ఇక నీదే చాలు."

పేరిందేవి మూటని కొంగున తాళం పక్కనే కట్టుకుంది.

ఆయన ఆ రొట్టెని పెనం మీద వేశాడు. రెండువైపులా ఎర్రగా కాల్చి తీసి, నెయ్యి రాశాడు. నెయ్యి సన్నగీత వెంట పారి నిలబడింది. రొట్టెని రెండు ముక్కలు చేసి ఒకటి ఆమెకిచ్చాడు.

ఆమె ఈసారి మెల్లగా నమిలింది. వాము తగిలింది. గోధుమ తీపి తగిలింది. అన్నిటి వెనకా ఇంకోటి తగిలింది.

"ఉప్పు ఎట్టా ఉంది?" అన్నాడు ఆయన.

"ఇవాళ సరిగ్గా వేశావు తాతా."

మౌలాలి సాయిబు తన ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఎప్పుడూ అంతే వేస్తా," అన్నాడు.